ఫైలుకు దారి: బయలుదేరేది ఎక్కడినుంచి?

మీ ఇంటికి మొదటిసారిగా ఒక చుట్టం వస్తున్నాడనుకోండి. ఆయన ఫోను చేసి దారి అడిగాడు. "తిన్నగా వచ్చి రెండో సందులో కుడివైపు తిరగండి. ఎడమచేతివైపు మూడో ఇల్లు" అని మీరు చెప్పారు. మీరు బస్టాండును మనసులో పెట్టుకుని చెప్పారు. ఆయన దిగింది రైల్వేస్టేషనులో! తిన్నగా నడిచాడు, రెండో సందులో కుడివైపు తిరిగాడు, ఎడమచేతివైపు మూడో ఇంటి తలుపు తట్టాడు. మీరు చెప్పిన మాటలో తప్పు లేదు. ఆయన నడకలోనూ తప్పు లేదు. అయినా ఆయన చేరింది మరొకరి ఇంటికి.

లోపం ఎక్కడుంది? ఎక్కడినుంచి బయలుదేరాలో చెప్పకపోవడంలో ఉంది.

కంప్యూటరులో ఫైళ్ళకు దారి చెప్పేటప్పుడు కూడా సరిగ్గా ఇదే పొరపాటు జరుగుతుంది. మనుషులైతే తప్పు ఇంటి తలుపు తట్టగానే "మీరెవరు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కంప్యూటరు చాలాసార్లు ఆ మాట కూడా అడగదు. తప్పు ఇంట్లోనే సామాను దించేసి, పని అయిపోయిందని చెబుతుంది. ఈ పొరపాటు వల్ల 2022లో మా బడి పిల్లలు నాలుగు నెలలు చేసిన పనిలో సగం పోయింది. అది ఎలా జరిగిందో, మళ్ళీ జరగకుండా ఏం చేశామో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వానల లెక్క

మా బడి ఆవరణలో ఒక వర్షమాపకం ఉంది. భారత వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం రోజూ ఉదయం 8.30 గంటలకు, గడచిన 24 గంటల్లో కురిసిన వానను కొలవాలి. పిల్లలు వంతులవారీగా ఆ పని చేసేవారు. వర్షమాపకంలోని నీటిని కొలజాడీలో పోసి, మిల్లీమీటర్లు చదివి, ఆ సంఖ్య రాసుకునేవారు. జాడీ నిండిన ప్రతిసారీ నీటిమట్టాన్ని ఒక ఫొటో కూడా తీసేవారు. సంఖ్య చదవడంలో ఎవరైనా పొరబడితే ఫొటో సాక్ష్యంగా ఉంటుందన్నమాట.

ఈ సంఖ్యలనూ ఫొటోలనూ దాచడానికి ఒక చిన్న వెబ్ అప్లికేషను తయారుచేసుకున్నాం. వెబ్ అప్లికేషను అంటే ఒక కంప్యూటరులో పనిచేస్తూ, మిగతా కంప్యూటర్లనుంచీ ఫోన్లనుంచీ బ్రౌజరు ద్వారా వచ్చే కోరికలకు జవాబిచ్చే ప్రోగ్రాము. జవాబిచ్చే ఆ కంప్యూటరును సర్వరు అంటారు. మా సర్వరు ప్రయోగశాల మూలనున్న ఒక పాత లినక్సు కంప్యూటరే.

దీనికోసం మేము వాడింది 'జాంగో' అనే పనిముట్టు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్ళో ఒక దినపత్రిక ఉంది. ఆ పత్రిక వెబ్‌సైట్ల కోసం పనిచేస్తున్న ఏడ్రియన్ హొలొవాటి, సైమన్ విల్లిసన్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడి పేరే దీనికి పెట్టారు.

జాంగోతో తయారైన ప్రతి అప్లికేషనుకూ ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. సంఖ్యలను ఏ ఫైలులో దాచాలి, ఫొటోలను ఏ ఫోల్డరులో పెట్టాలి, గడియారం ఏ దేశ కాలాన్ని చూపాలి వంటి నిర్ణయాలన్నీ అందులో రాస్తారు. ప్రోగ్రాములోని మిగతా భాగాలన్నీ అవసరమైనప్పుడు ఈ ఫైలునే చూస్తాయి. నిర్ణయం మారితే ఒక్కచోట మారిస్తే చాలు. మంచి ఏర్పాటే! కాని ఆ ఒక్కచోట తప్పు రాస్తే ప్రోగ్రాము అంతా ఆ తప్పునే నమ్ముతుంది.

తలకిందుల చెట్టు

ఇప్పుడు ఫైలు దారి అంటే ఏమిటో చూద్దాం.

కంప్యూటరు డిస్కులో లక్షల ఫైళ్ళుంటాయి. వాటన్నిటినీ ఒకే కుప్పగా పోస్తే వెతకడం అసాధ్యం. అందుకని ఫోల్డర్లలో ఫైళ్ళను, ఆ ఫోల్డర్లను మరిన్ని ఫోల్డర్లలో అమర్చుతారు. దీన్ని బొమ్మగా గీస్తే వేరు పైన, కొమ్మలు కింద ఉన్న తలకిందుల చెట్టులా ఉంటుంది. అందుకే అన్నిటికన్న పైనున్న ఫోల్డరును 'రూట్', అనగా వేరు, అని పిలుస్తారు.

ఈ చెట్టు అమరికను 'మల్టిక్స్' అనే పెద్ద కంప్యూటరు వ్యవస్థ కోసం ఆర్. సి. డేలీ, పి. జి. న్యూమన్ అనే ఇద్దరు 1965లో ఒక వ్యాసంలో వివరించారు. మల్టిక్స్‌లో ఒక ఫోల్డరు పేరుకూ తరువాతి పేరుకూ మధ్య > అనే గుర్తు పెట్టేవారు. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన 'యూనిక్స్'లో ఆ గుర్తు స్థానంలో / అనే ఏటవాలు గీత వచ్చింది. నేటి లినక్సు ఆ పద్ధతినే పాటిస్తుంది. ఇంటర్నెట్ చిరునామాలలో మీరు చూసే గీత కూడా ఇదే.

మరి విండోసులో గీత ఎందుకు ఇలా \ వెనక్కి వాలి ఉంటుంది? 1981లో వచ్చిన ఎమ్మెస్-డాస్ మొదటి రూపంలో ఫోల్డర్లే లేవు. / గుర్తును ఆజ్ఞలకు షరతులు చేర్చడానికి వాడుకున్నారు. 1983లో రెండో రూపానికి ఫోల్డర్లు చేర్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు. అందుకని దాని అద్దపు ప్రతిబింబాన్ని తీసుకున్నారు. 

మా సర్వరులో చెట్టు ఇలా ఉండేది:

/హోమ్/బడి/వానలెక్క/అమరిక/సెట్టింగ్స్.పై
/హోమ్/బడి/వానలెక్క/సంఖ్యలు.డీబీ
/హోమ్/బడి/వానలెక్క/ఫొటోలు/జూలై/12.జేపీజీ

(మా యంత్రంలో ఇవి ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నాయి. మీకు తేలికగా ఉండడానికి తెలుగులో రాశాను.)

మొదటి వరుసను చదువుదాం. వేరు దగ్గర బయలుదేరి 'హోమ్' అనే ఫోల్డరులోకి, అక్కడినుంచి 'బడి'లోకి, 'వానలెక్క'లోకి, 'అమరిక'లోకి వెళితే సెట్టింగుల ఫైలు దొరుకుతుంది. 'వానలెక్క' మా అప్లికేషను మొత్తం ఉన్న ఫోల్డరు.

రెండు రకాల దారులు

పైన రాసినవన్నీ / గుర్తుతో మొదలయ్యాయి గదా! అంటే వేరు దగ్గరే బయలుదేరాలని అర్థం. మనం ఎక్కడ నిలబడి చదివినా ఇవి ఒక్కచోటికే చేరుస్తాయి. ఇలాంటి దారిని సంపూర్ణ మార్గం అంటారు. ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, పిన్‌కోడు అన్నీ రాసిన ఉత్తరం లాంటిది ఇది.

గీత లేకుండా

ఫొటోలు/జూలై/12.జేపీజీ

అని రాస్తే? అప్పుడు "ఇప్పుడు నేనున్న చోటినుంచి" అని కంప్యూటరు అర్థం చేసుకుంటుంది. దీన్ని సాపేక్ష మార్గం అంటారు. మనం చుట్టానికి ఫోనులో చెప్పిన దారి ఇలాంటిదే.

ఈ 'సాపేక్ష' అనే మాట మీకు కొత్త కాదు. భౌతికశాస్త్రంలో సాపేక్ష చలనం చదివే ఉంటారు. కదిలే బస్సులో కూర్చున్న మనిషి కదులుతున్నాడా, లేదా? బస్సు నుంచి చూస్తే లేదు, రోడ్డు మీదినుంచి చూస్తే అవును. నిర్దేశ చట్రం ఏదో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. సాపేక్ష మార్గం కూడా అంతే. బయలుదేరే చోటు తెలియకపోతే దానికి అర్థమే లేదు.

సాపేక్ష మార్గాలలో రెండు చిన్న గుర్తులు వస్తుంటాయి. ఒక చుక్క ఉంటే 'ఇప్పుడున్న ఫోల్డరు' అని, రెండు చుక్కలు ఉంటే 'దీనికి పైనున్న ఫోల్డరు' అని అర్థం. 'వానలెక్క'లో నిలబడి ../ఆటలు అంటే, ఒక మెట్టు పైకి ఎక్కి 'బడి'లోకి వచ్చి, అక్కడినుంచి 'ఆటలు'లోకి దిగమన్నట్టు.

నిలబడిన చోటు ఎవరు నిర్ణయిస్తారు?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పనిచేస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ 'ప్రస్తుత ఫోల్డరు' అని ఒకటి ఉంటుంది. ప్రోగ్రాము రాసివున్న ఫోల్డరే దాని ప్రస్తుత ఫోల్డరు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రోగ్రామును ఎక్కడినుంచి మొదలుపెడితే సాధారణంగా అదే ప్రస్తుత ఫోల్డరు అవుతుంది.

వంటపుస్తకం అలమారలో ఉన్నా, వంట చేసేది మీరు నిలబడిన పొయ్యి దగ్గరే గదా! "పక్కనున్న డబ్బాలోంచి ఉప్పు తీసుకోండి" అని పుస్తకంలో ఉంటే అలమార పక్కనున్న డబ్బా అని కాదు, మీ పక్కనున్న డబ్బా అని అర్థం.

కాబట్టి ఒకే ప్రోగ్రాము, ఒక్క అక్షరమైనా మారకుండా, మొదలుపెట్టే చోటు మారితే వేరేచోట ఫైళ్ళు దాస్తుంది.

మాకు జరిగింది ఇదే

మా సెట్టింగుల ఫైలులో ఫొటోల ఫోల్డరును సూచించే వాక్యం ఇలా ఉండేది:

మీడియా_రూట్ = 'ఫొటోలు'

జాంగోలో మీడియా_రూట్ అంటే వాడుకరులు పంపిన ఫైళ్ళను దాచే ఫోల్డరు. ఆ ఫోల్డరుకు సంపూర్ణ మార్గం ఇవ్వాలని జాంగో పత్రాలలో స్పష్టంగా ఉంది. నేను తొందరలో చూడలేదు. ఆ వాక్యం రాసింది నేనే.

మే నెలలో ప్రోగ్రామును పరీక్షించాం. ఒక విద్యార్థి 'వానలెక్క' ఫోల్డరులోకి వెళ్ళి, అక్కడినుంచి దాన్ని మొదలుపెట్టాడు. నాలుగు ఫొటోలు పంపి చూశాం. అవి /హోమ్/బడి/వానలెక్క/ఫొటోలు అనే చోట చక్కగా చేరాయి. అంతా బాగుందని సంతోషించాం.

జూన్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రోగ్రామును చేత్తో మొదలుపెట్టడం కష్టమైంది. కంప్యూటరు తెరుచుకోగానే దానంతట అదే మొదలయ్యేలా, క్రాన్ అనే లినక్సు ఏర్పాటులో ఒక ఆజ్ఞ రాశాం. క్రాన్ మొదలుపెట్టే పనులకు ప్రస్తుత ఫోల్డరు మామూలుగా ఆ వాడుకరి సొంత ఫోల్డరు. మా విషయంలో అది /హోమ్/బడి. అందువల్ల ఆ రోజునుంచి ఫొటోలు /హోమ్/బడి/ఫొటోలు అనే కొత్త ఫోల్డరులోకి పోసాగాయి. ఆ ఫోల్డరు లేకపోతే జాంగోయే దాన్ని సృష్టించుకుంది. తప్పు అనే మాట ఎక్కడా కనిపించలేదు. బ్రౌజరులో చూస్తే ఫొటోలు కనిపించేవి. దాచేదీ వెతికేదీ ఆ ప్రోగ్రామే కాబట్టి కొత్తచోట దాచినవి కొత్తచోటనే దొరికేవి. మే నెలలో పంపిన నాలుగు ఫొటోలు మాత్రం కనిపించకుండా పోయాయి. అవి ఎవరికీ అవసరం లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

ప్రతి శనివారం ఒక పెన్‌డ్రైవులోకి నకలు తీసేవాళ్ళం. ఏ ఫోల్డరుకు? 'వానలెక్క' ఫోల్డరుకు!

అక్టోబరులో ఆ పాత డిస్కు చెడిపోయింది. నకలు ఉంది గదా అన్న ధైర్యంతో పెన్‌డ్రైవు తెరిచాం. జూన్ నుంచి కొలిచిన సంఖ్యలన్నీ భద్రంగా ఉన్నాయి. ఫొటోల ఫోల్డరు తెరిస్తే మే నెలలో తీసిన నాలుగు ఫొటోలు మాత్రమే ఉన్నాయి.

ఆగస్టులో ఒక రోజు వాన 112 మిల్లీమీటర్లని నమోదై ఉంది. నిజంగా అంత కురిసిందా, లేక 11.2 రాయబోయి చుక్క మరిచారా? ఒక్కో జాడీకి ఒక్కో ఫొటో తీశారు కాబట్టి, ఆ రోజు ఫొటోలు ఎన్ని ఉన్నాయో చూస్తే తేలిపోయేది. సాక్ష్యం పోయింది. ఆ రోజు వంతు వచ్చిన అమ్మాయి తాను సరిగ్గానే రాశానని చెప్పింది. ఆమె మాటను నమ్మాను. కాని విజ్ఞానశాస్త్రంలో నమ్మకం వేరు, రుజువు వేరు. ఆ ఏడాది మా పట్టికలో ఆ సంఖ్య పక్కన ప్రశ్నార్థకం పెట్టవలసి వచ్చింది. తప్పు ఆమెది కాకపోయినా ఆ ప్రశ్నార్థకం ఆమె రాసిన సంఖ్య పక్కనే పడింది.

సంఖ్యలు ఎందుకు మిగిలాయి?

ఇది ఆలోచించవలసిన విషయం. సంఖ్యల ఫైలు కూడా అదే ప్రోగ్రాము దాచింది. అదే సెట్టింగుల ఫైలు దానికి దారి చెప్పింది. మరి అదెందుకు తప్పిపోలేదు?

సంఖ్యల ఫైలు వాక్యం మేము రాసింది కాదు. కొత్త అప్లికేషను మొదలుపెట్టినప్పుడు జాంగోయే దాన్ని రాసిపెట్టింది. మేము ఫైలు పేరు మాత్రం మార్చుకున్నాం. ఆ వాక్యంలో దారి ఇలా ఉంది:

బేస్_డిర్ / 'సంఖ్యలు.డీబీ'

బేస్_డిర్ అంటే ఆధార ఫోల్డరు. దాని విలువ సెట్టింగుల ఫైలు మొదట్లోనే ఉంటుంది:

బేస్_డిర్ = పాత్(__ఫైల్__).రిజాల్వ్().పేరెంట్.పేరెంట్

చూడగానే భయపడకండి. ఎడమనుంచి కుడికి మెల్లగా చదువుదాం.

__ఫైల్__ అంటే 'ఈ వాక్యం రాసివున్న ఫైలు', అనగా సెట్టింగుల ఫైలే. రిజాల్వ్ దాన్ని వేరునుంచి మొదలయ్యే సంపూర్ణ మార్గంగా మారుస్తుంది:

/హోమ్/బడి/వానలెక్క/అమరిక/సెట్టింగ్స్.పై

పేరెంట్ అంటే ఒక మెట్టు పైకి:

/హోమ్/బడి/వానలెక్క/అమరిక

ఇంకొక పేరెంట్, ఇంకొక మెట్టు:

/హోమ్/బడి/వానలెక్క

ఇదే ఆధారం! ఇందులో గొప్పతనం గమనించారా? ప్రోగ్రామును ఎవరు మొదలుపెట్టారు, ఎక్కడినుంచి మొదలుపెట్టారు అన్న ప్రశ్నే రాలేదు. "నేను ఎక్కడున్నాను?" అని ఫైలు తనను తానే ప్రశ్నించుకుంది. ఊళ్ళో ఎక్కడ దిగినా ఫరవాలేదు, ఇంటి గుమ్మంనుంచి లెక్కపెట్టుకోమన్నట్టు. రేఖాగణితంలో మూలబిందువును ముందు నిర్ణయించుకుని, తరువాత బిందువులను గుర్తించడం లాంటిదే ఇది.

'వానలెక్క' ఫోల్డరును మొత్తంగా తీసుకెళ్ళి మరొక యంత్రంలో సి:\పనులు అనే ఫోల్డరులో పెట్టారనుకోండి. అప్పుడు ఆధారం దానంతట అదే సి:\పనులు\వానలెక్క అవుతుంది. సెట్టింగులలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

పై వాక్యంలో బేస్_డిర్ తరువాత వచ్చిన / గుర్తు భాగహారం కాదు. దారికి తరువాతి పేరును అతికించే గుర్తు. పైథాన్ భాషలో 2014లో వచ్చిన 'పాత్‌లిబ్' అనే పరికరం ఈ సౌకర్యం ఇచ్చింది. ఏ యంత్రానికి ఏ వైపు గీత కావాలో అదే చూసుకుంటుంది. కొత్త అప్లికేషన్ల సెట్టింగులలో జాంగో 2020 నుంచి దీన్నే వాడుతున్నది.

మా తప్పును సరిదిద్దడానికి కావలసింది ఒకే ఒక మార్పు:

మీడియా_రూట్ = బేస్_డిర్ / 'ఫొటోలు'

నాలుగు నెలల ఫొటోలకూ ఈ చిన్న సవరణకూ మధ్య ఉన్న తేడా చూశారా!

అన్ని వేళలా ఫైళ్ళు ప్రోగ్రాము పక్కనే ఉండాలని లేదు. పెద్ద సంస్థలలో ప్రోగ్రామును తరచుగా మార్చి కొత్తది పెడుతుంటారు. పాత ఫోల్డరుతోపాటు ఫొటోలు కూడా కొట్టుకుపోకుండా వాటిని వేరే డిస్కులో ఉంచుతారు. అలాంటప్పుడు సంపూర్ణ మార్గమే ఇవ్వాలి. దాన్ని ప్రోగ్రాములో పదిచోట్ల కాక, ఆ యంత్రానికి చెందిన సెట్టింగులో ఒక్కచోట మాత్రమే రాయాలి.

చీటీ మీద సంఖ్య, బీరువాలో అర

ఇప్పుడు ఇంకొక తికమక తీర్చుకుందాం. బ్రౌజరులో ఫొటో చూసేటప్పుడు పైన చిరునామాలో ఇలా కనిపిస్తుంది:

/చిత్రాలు/జూలై/12.జేపీజీ

ఇది డిస్కులో దారి కాదు. సర్వరులో 'చిత్రాలు' అనే ఫోల్డరు అసలు లేనే లేదు!

గ్రంథాలయంలో మీరు పుస్తకం సంఖ్యను చీటీ మీద రాసి ఇస్తారు. గ్రంథపాలకుడు దాన్ని చూసి, ఏ బీరువాలో ఏ అరలో ఉందో తెలుసుకుని పుస్తకం తెచ్చి ఇస్తాడు. బీరువా చోటు మార్చినా మీరు రాసే సంఖ్య మారదు. వెబ్ అప్లికేషనులోనూ ఇలాంటి రెండు సెట్టింగులు ఉంటాయి. మీడియా_యూఆర్ఎల్ చీటీ మీది సంఖ్య లాంటిది. అది లోకానికి తెలిసిన దారి. మీడియా_రూట్ బీరువా అర లాంటిది. అది సర్వరుకు మాత్రమే తెలిసిన దారి.

ఈ రెంటినీ ఒకటే అనుకుని, ఒకదాని చోట మరొకటి రాయడం కొత్తవారు తరచుగా చేసే తప్పు. అప్పుడు ఫొటో డిస్కులో ఉన్నా బ్రౌజరుకు దొరకదు, '404' అనే సంఖ్య కనిపిస్తుంది. "మీరు అడిగినది ఇక్కడ లేదు" అని దాని అర్థం.

రెండు చుక్కల ప్రమాదం

లోకానికి చూపే ఫోల్డరుకూ, చూపకూడని ఫోల్డర్లకూ మధ్య గట్టి గోడ ఉండాలి. సెట్టింగుల ఫైలులో రహస్య సంకేతాలు కూడా ఉంటాయి. అది ఎప్పుడూ గోడ లోపలే ఉండాలి.

ఎవరైనా దుర్బుద్ధితో ఫొటోకు బదులు

/చిత్రాలు/../అమరిక/సెట్టింగ్స్.పై

అని అడిగితే? రెండు చుక్కలంటే పై ఫోల్డరు అని చదువుకున్నాం గదా! సర్వరు అమాయకంగా ఆ దారిన పోతే గోడ దూకి రహస్యాల గదిలోకి వెళ్ళినట్టే. అందుకని మంచి సర్వరు అడిగిన దారిని ముందు పూర్తిగా విప్పి, అది అనుమతించిన ఫోల్డరు లోపలే ఉందో లేదో చూసి, ఆ తరువాతనే ఫైలు ఇస్తుంది.

ఈ జాగ్రత్తలో ఆరితేరినవారు కూడా పొరబడ్డ సందర్భం ఉంది. ప్రపంచంలో విస్తారంగా వాడే 'అపాచీ' అనే వెబ్ సర్వరు 2.4.49 రూపంలో, చుక్కలను మారుపేరుతో, అనగా %2ఇ అనే సంకేతంగా, రాస్తే గుర్తించలేని లోపం దొర్లింది. అది 2021 అక్టోబరులో బయటపడింది. వెంటనే 2.4.50 విడుదల చేశారు. ఆ సవరణ చాలలేదని తెలిసి కొద్ది రోజులలోనే 2.4.51 విడుదల చేశారు. అయితే 'స్పష్టంగా అనుమతించనిదంతా నిషేధం' అన్న నియమాన్ని సెట్టింగులలో ఉంచుకున్నవారి ఫైళ్ళు ఆ లోపంవల్ల బయటపడలేదు. సెట్టింగులలోని ఒక వాక్యానికి ఎంత విలువ ఉందో చూడండి!

కొన్ని చిన్న ఉచ్చులు

అక్షరాలు: లినక్సులో ఇంగ్లీషు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. విండోసు మామూలుగా రెంటినీ ఒకటిగానే చూస్తుంది. అందుకని ఇంటి కంప్యూటరులో పనిచేసినది సర్వరులో పనిచేయకపోవచ్చు. తెలుగులో ఈ బాధ లేదని మురిసిపోకండి. 'ఫొటోలు', 'ఫోటోలు' మనకు ఒకటే. కంప్యూటరుకు రెండు వేర్వేరు ఫోల్డర్లు.

వెనకగీత: పైథాన్ వంటి భాషలలో \ పక్కన ఇంగ్లీషు ఎన్ అక్షరం వస్తే 'కొత్త పంక్తి' అని అర్థం, టీ అక్షరం వస్తే 'ట్యాబు' అని అర్థం. ఆ అక్షరాలతో మొదలయ్యే ఫోల్డరు పేరు దారిలో ఉంటే దారి మధ్యలోనే తెగిపోతుంది. కాబట్టి / వాడడం క్షేమం. విండోసులో కూడా పైథాన్ దాన్ని అర్థం చేసుకుంటుంది.

అదనపు గీత: బేస్_డిర్ / '/ఫొటోలు' అని పొరపాటున రాస్తే రెండో భాగం గీతతో మొదలైంది కాబట్టి అది సంపూర్ణ మార్గం అయిపోతుంది. అప్పుడు పాత్‌లిబ్ ముందున్న ఆధారాన్ని పక్కన పడేస్తుంది!

మేము నేర్చుకున్నది

2023 జూన్‌లో కొత్త డిస్కుతో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మూడు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, ప్రతి దారీ ఆధార ఫోల్డరునుంచే మొదలవ్వాలి. రెండు, ప్రోగ్రాము మొదలవగానే ఫొటోల ఫోల్డరు ఉందో లేదో చూడాలి. లేకపోతే కొత్తది సృష్టించుకోకుండా అక్కడే ఆగిపోయి, లేదని చెప్పాలి. నోరు మూసుకుని తప్పు చేసే యంత్రంకన్న ఆగిపోయి అరిచే యంత్రం మేలు. మూడు, నకలు తీయడంతో సరిపెట్టకుండా ప్రతి నెలా ఆ నకలును వేరొక కంప్యూటరులో తెరిచి ఒక ఫొటో చూడాలి.

మూడో నియమాన్ని సూచించింది ఆ 112 మిల్లీమీటర్ల అమ్మాయే. నకలు తెరిచి చూసే పని కూడా తనకే కావాలని అడిగి తీసుకుంది.

చేసి చూడండి

కంప్యూటరు అందుబాటులో ఉంటే ఆజ్ఞల కిటికీ తెరవండి. లినక్సులో పీడబ్ల్యూడీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, విండోసులో సీడీ అనే రెండు అక్షరాలు కొట్టండి. మీరు ఇప్పుడు నిలబడిన ఫోల్డరు కనిపిస్తుంది. సీడీ పక్కన ఖాళీ వదిలి రెండు చుక్కలు పెట్టి చూడండి. ఒక మెట్టు పైకి వస్తారు. కంప్యూటరు లేనివారు మీ బడిని ఒక చెట్టుగా గీయండి: వేరు దగ్గర బడి, దాని కింద తరగతులు, వాటి కింద వరుసలు, ఆపై బెంచీలు. మీ బెంచీకి సంపూర్ణ మార్గం రాయండి. తరువాత మీ స్నేహితుడి బెంచీనుంచి మీ బెంచీకి సాపేక్ష మార్గం రాయండి.

ప్రశ్నలు

1. ప్రస్తుత ఫోల్డరు /హోమ్/బడి/వానలెక్క అయితే ../ఆటలు/./జట్టు అనే దారి ఎక్కడికి చేరుతుంది?

2. సెట్టింగుల ఫైలును 'అమరిక' ఫోల్డరులో ఇంకొక ఫోల్డరు చేసి దానిలోకి మార్చారు. బేస్_డిర్ వాక్యంలో ఏం మార్చాలి? మార్చకపోతే ఫొటోలు ఎక్కడికి పోతాయి?

3. బేస్_డిర్ / '/ఫొటోలు' అని రాస్తే లినక్సులో ఏ ఫోల్డరు వస్తుంది?

జవాబులు

1. /హోమ్/బడి/ఆటలు/జట్టు. ఒక చుక్క ఎక్కడికీ కదల్చదు.

2. ఇంకొక .పేరెంట్ చేర్చాలి. చేర్చకపోతే ఆధారం 'అమరిక' ఫోల్డరు అవుతుంది. ఫొటోలు /హోమ్/బడి/వానలెక్క/అమరిక/ఫొటోలు అనే చోటికి పోతాయి.

3. వేరు కిందనే ఉన్న /ఫొటోలు.